సలేశ్వరం వెళ్లొద్దామా?

ఏప్రిల్ ఎండలో, నల్లమల అడవిలో, కొండ మీది నుంచి లోయలోకి దిగి, దిగినదంతా మళ్లీ ఎక్కి రావాలి. తిరుపతి మెట్ల దారిలాగా కట్టిన మెట్లుండవు, పైన రేకుల నీడ ఉండదు. ఇలాంటి చోటికి నలభై దాటిన ఆడవాళ్లం ఐదుగురం కలిసి వెళ్తామంటే ఇంట్లో ఏమంటారో మీకు వేరే చెప్పాలా? "మీకెందుకివన్నీ, యాదగిరిగుట్టకు పోయి రాండ్రి" అన్నారు. యాదగిరిగుట్టకు ఎన్నోసార్లు వెళ్లాం లెండి. 2025 చైత్ర పౌర్ణమికి మాత్రం సలేశ్వరమే వెళ్లాం.

సలేశ్వరం పేరు పాలమూరు వైపు వాళ్లకు బాగా తెలుసు. మా చేవెళ్ల, మొయినాబాద్ వైపు చాలామందికి తెలియదు. నాగర్‌కర్నూల్ జిల్లాలో, హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారికి పక్కగా, అడవి లోపల ఉందా చోటు. రెండు కొండల మధ్య లోయ, ఆ లోయ చివర పైనుంచి పడే నీటి ధార, కింద గుండం, గుహలో లింగమయ్య. చెంచులే అక్కడ పూజారులు. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపలి భాగం కాబట్టి మామూలు రోజుల్లో ఎవర్నీ వెళ్లనివ్వరు. ఏడాదికి ఒక్కసారి, చైత్ర పౌర్ణమికి అటూ ఇటూగా జాతర జరిగే కొద్ది రోజులే దారి తెరుస్తారు. ఇదివరకు ఎక్కువ రోజులు సాగేదట. ఇప్పుడు మూడు నుంచి ఐదు రోజులు. తెలంగాణ అమర్‌నాథ్ అని పేపర్లవాళ్లు పేరు పెట్టారు. అమర్‌నాథ్ నేను చూడలేదు కనుక పోలిక సరైనదో కాదో చెప్పలేను.

మా ఐదుగురి సంగతి చెప్తాను. నేనూ, ప్రైవేటు స్కూల్లో చెప్పే టీచరమ్మా, మా వాడకట్టు ఆశా వర్కరూ చేవెళ్ల వాళ్లం. పూలక్కది మొయినాబాద్ దగ్గర పల్లె. చామంతి, గులాబీ వేసి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పంపుతుంది. ఐదో మనిషి పెద్దక్క. యాభై ఆరేళ్లుంటాయి. పుట్టిల్లు మా దగ్గరే, మెట్టినిల్లు అచ్చంపేట వైపు. ఇప్పుడు కొడుకు దగ్గర మొయినాబాద్‌లోనే ఉంటోంది. సలేశ్వరం ఆలోచన ఆవిడదే.

ఆవిడ భర్త పెళ్లికి ముందు నుంచీ ఏటా సలేశ్వరం నడిచి వెళ్లేవాడట. లింగాల వైపు నుంచి వెళ్తే నడక ఇంకా ఎక్కువ. స్నేహితులతో కలిసి మూటా ముల్లే నెత్తిన పెట్టుకుని, రాత్రిళ్లు అడవిలోనే పడుకుని వెళ్లి వచ్చేవాళ్లట. "నన్నూ తీస్కపో" అని ఈవిడ అడిగినప్పుడల్లా "వచ్చే ఏడు పోదాం" అనేవాడు. పిల్లలు చిన్నోళ్లని ఒక ఏడు, కోతలని ఒక ఏడు, కూతురి కాన్పని ఒక ఏడు. 2021లో కరోనాతో ఆయన పోయాడు. ఆ తర్వాత నాలుగేళ్లకు ఒకరోజు పూల తోటలో కూర్చుని మాల కడుతూ, "ఈ ఏడు పోదమా చెల్లె?" అంది. అంతే, మాకు వద్దనే ధైర్యం లేకపోయింది.

అయితే నడవగలమా అన్నది ప్రశ్న. వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి రోజంతా తిరుగుతూనే ఉంటాం, కానీ దాన్ని నడక అనరు కదా! దీనికి జవాబు చిలుకూరు బాలాజీ ఇచ్చాడు. మా మొయినాబాద్ మండలంలోనే ఉన్న చిలుకూరు గుడి మీకందరికీ తెలిసే ఉంటుంది. హుండీ లేని గుడి, వీసా బాలాజీ అని పేరు. కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. పూలక్క కొడుక్కి అమెరికా వీసా వచ్చి, అబ్బాయి వెళ్లిపోయి ఆర్నెల్లయినా ఈవిడ 108 బాకీ అలాగే ఉంది. "నాకొక్కదానికి భయమైతుంది, మీరు గూడ రాండ్రి" అంటే అందరం వెళ్లాం. చేతిలో అంకెల కార్డు పట్టుకుని, ఒక్కో చుట్టుకూ టిక్కు పెట్టుకుంటూ, చెప్పుల్లేని కాళ్లతో 108 పూర్తి చేశాం. మూడు గంటలు దాటింది. అరికాళ్లు మండాయి కానీ ఎవ్వరమూ పడిపోలేదు. "ఇది నడిచినోళ్లం అది నడువమా?" అంది టీచరమ్మ.

కానీ చదును బండల మీద చుట్లు వేరు, కొండ వేరు. ఆ మాట ఆశా అక్క మొదటినుంచీ చెబుతూనే ఉంది. అందుకని రెండు నెలలు సాధన చేశాం. చిలుకూరు దగ్గరే మృగవని జాతీయ ఉద్యానవనం ఉంది, 1994 నుంచి. నాలుగు చదరపు కిలోమీటర్ల లోపే ఉంటుంది. అక్కడ జింకలు చూస్తూ ఆదివారం ఆదివారం నడిచాం. ఒకసారి అనంతగిరి గుట్టలకూ వెళ్లాం. మూసీ పుట్టేది ఆ గుట్టల్లోనే. అక్కడి ఎత్తుపల్లాల మీద మొదటిసారి తెలిసింది, ఎక్కేటప్పుడు ఊపిరి ఆడదు గానీ దిగేటప్పుడే మోకాళ్లు ఏడుస్తాయని.

ఇక వంటల పేజీ చదివే మీకు ఏం పట్టుకెళ్లామో చెప్పకపోతే ఎలా? చింతపండు పులిహోర మొదటి పూటకు. దద్దోజనం వద్దనుకున్నాం, ఎండకు పులిసిపోతుంది. అసలైన ఆధారం కడక్ రొట్టె. జొన్నపిండిలో మరుగుతున్న నీళ్లు పోసి, ఉప్పు వేసి, చేతికి వేడి తట్టుకునేలా అయ్యాక బాగా మర్దించాలి. పిండి ఎంత మర్దిస్తే రొట్టె అంచులు అంత పగలకుండా వస్తాయి. పలుచగా కొట్టి పెనం మీద రెండువైపులా కాల్చాక, దించి పెట్టేయకుండా సన్నటి సెగ మీద బట్టతో అద్దుతూ అప్పడంలా గట్టిపడేదాకా ఉంచాలి. తడి పూర్తిగా పోయిందంటే వారమైనా చెడదు. నువ్వులు అద్దితే రుచి. దానికి పల్లీల కారం, ఎండు కొబ్బరి వెల్లుల్లి పొడి. బెల్లం పల్లీ ఉండలు, వేయించిన శనగలు, నిమ్మకాయలు, ఉప్పు, గ్లూకోజు డబ్బా. నీళ్లకు స్టీలు సీసాలే. పులుల అడవి కాబట్టి ప్లాస్టిక్ విషయంలో అటవీ శాఖ వాళ్లు గట్టిగా ఉంటారు, ఉండాలి కూడా.

మావారు చివరిదాకా ఔననలేదు, కాదనలేదు. బయల్దేరే ముందు రోజు సాయంత్రం టార్చిలైటుకు కొత్త సెల్లు తెచ్చి బల్ల మీద పెట్టారు. దాన్ని ఔననడం కిందే లెక్క వేసుకున్నాను.

పౌర్ణమి 12వ తేదీ శనివారం. రద్దీ తక్కువుంటుందని మేం శుక్రవారం పెట్టుకున్నాం. గురువారం అర్ధరాత్రి దాటాక రెండు గంటలకు తుఫాను బండిలో చేవెళ్లలో బయల్దేరి, మా రోడ్డుకు రెండువైపులా ఉన్న మర్రిచెట్ల కింద చీకట్లో మొయినాబాద్ వచ్చి, పూలక్కనూ పెద్దక్కనూ ఎక్కించుకున్నాం. ఔటర్ రింగురోడ్డు మీదుగా తుక్కుగూడ, అక్కణ్నుంచి కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి, డిండి. అంత రాత్రి ఎందుకంటే, మన్ననూరు దగ్గర అడవి గేటు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు. అడవి జంతువులు రోడ్డు దాటే సమయం అది. గేటు తెరిచేసరికి అక్కడుంటే ఎండ ముదిరేలోగా లోయలోకి దిగొచ్చని మా లెక్క.

గేటు దాటాక ఫర్హాబాద్. నిజాం కాలంలో వేటకు వచ్చేవాళ్లట. పేరులో ఉన్న ఫర్హా అంటే సంతోషం అని టీచరమ్మ చెప్పింది. వేటాడేవాళ్లకే సంతోషం, వేటాడబడే వాటికి కాదు కదా అని పూలక్క గొణిగింది. 1983లో ఈ అడవి పులుల అభయారణ్యమైంది. అప్పుడు కృష్ణకు ఇవతలా అవతలా కలిపి నాగార్జునసాగర్ శ్రీశైలం పేరుతో ఉండేది. 2014లో రాష్ట్రం వేరుపడ్డాక ఇవతలి భాగం అమ్రాబాద్ అయింది. అదొక్కటే 2,611 చదరపు కిలోమీటర్లు. మేం సాధన చేసిన మృగవనిని దీని పక్కన పెడితే బియ్యపు బస్తా పక్కన గింజంత!

ఫర్హాబాద్ దగ్గర మట్టి దారిలోకి తిరిగి రాంపూర్ పెంట వైపు వెళ్లాలి. చెంచుల గూడేలను పెంట అంటారు. వాన లేని కాలం కదా, అడవి పచ్చగా ఉంటుందనుకుంటే పొరపాటు. చాలా చెట్లు ఆకు రాల్చేసి మోళ్లై నిలబడ్డాయి. నేలంతా ఎండుటాకు. ఎక్కడో ఇప్పపూల వాసన. ముందు బండ్లు లేపిన ఎర్ర దుమ్ముకు మా ముఖాలూ చీరలూ ఒకే రంగయ్యాయి. బండి ఆగాక అందరం తలొక వెదురు కర్ర కొనుక్కున్నాం. ఎందుకూ పనికిరాదనుకున్న ఆ కర్రే తర్వాత మూడో కాలైంది.

అక్కణ్నుంచి నడక సుమారు ఐదు కిలోమీటర్లు. ఐదే కదా అనిపిస్తుంది. కానీ ఆ ఐదులో చదును ఎంత, నిలువు ఎంత అన్నది అంకె చెప్పదు. మొదటి దిగుడే గుండె జల్లుమనిపించింది. దొర్లే రాళ్లు, బయటికి తేలిన వేళ్లు, ముందు మనిషి మడమ తప్ప ఇంకేం కనపడని ఇరుకు. చంకన పిల్లలతో తల్లులు, నెత్తిన మూటతో ముసలమ్మలు, ఈలలేసే కుర్రకారు. దిగేవాళ్లంతా "వస్తున్నం లింగమయ్యా" అని ఎలుగెత్తి పిలుస్తారు. ఎక్కి వచ్చేవాళ్లు "పోతున్నం లింగమయ్యా" అంటారు. రెండు కేకలూ కొండకు తగిలి కలిసిపోతాయి. మొదట్లో సిగ్గుపడ్డాం. పదడుగులు వేశాక మేమూ అరిచాం. మా ఇంట్లో నా గొంతు అంత పైకి ఎప్పుడైనా లేచిందా అంటే, కుక్కరు విజిలు లెక్కపెట్టమని పిల్లల్ని కేకేసినప్పుడు తప్ప లేదు.

మొదటి దిగుడు అయ్యి కొంచెం చదునుగా ఉన్న చోటికి వచ్చాం. అక్కడ పెద్దక్క అడుగు తడబడింది. "అలసటలే" అనుకున్నాం. టీచరమ్మ నీళ్లిస్తే సీసా మూత తీయలేకపోయింది, చేతులు వణుకుతున్నాయి. నుదుట చెమట. అంత ఎండలో చెమట వింతేమీ కాదు కానీ, ముట్టుకుంటే ఒళ్లు చల్లగా ఉంది. "ఆయన ముందు పోయిండా?" అని అడిగింది నన్ను.

నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఎవరి గురించి అడుగుతోందో అందరికీ అర్థమైంది.

ఆశా అక్క మాత్రం ఆగలేదు. పెద్దక్కను బండకు ఆనించి కూర్చోబెట్టి, సంచిలోంచి షుగరు చూసే మిషను తీసి వేలు గుచ్చింది. 58 చూపించింది. 70 కన్నా తగ్గితేనే తక్కువ కింద లెక్క. "పొద్దున ఏం తిన్నవక్కా?" అంటే జవాబు లేదు. దారిలో మేమంతా బండిలో పులిహోర తింటుంటే పెద్దక్క కూడా ఆకు ముందు పెట్టుకుంది. కానీ ముద్ద నోట్లో పెట్టలేదు. లింగమయ్యను చూసేదాకా ఉపవాసమని మనసులో మొక్కుకుందట. మొక్కుకోవడం సరే, షుగరు మాత్ర మాత్రం రోజూలాగే టైముకు మింగేసింది!

చదువుతున్న అక్కలూ చెల్లెళ్లూ, ఈ ఒక్క ముక్క కోసమే నేను ఇంత రాస్తున్నానని అనుకున్నా తప్పులేదు. మన ఇళ్లలో ఎంతమంది ఇలా చేస్తారో ఆలోచించండి. శనివారం ఒక్కపొద్దు, కార్తీక సోమవారం, శివరాత్రి. అన్నం మానేస్తాం, మాత్ర మానం. డాక్టరు రోజూ వేసుకోమన్నాడు కదా అని. కొన్ని రకాల షుగరు మాత్రలూ ఇన్సులినూ తిండి తినకుండా తీసుకుంటే రక్తంలో చక్కెర బాగా పడిపోతుంది. పైగా నడక, ఎండ. వణుకు, చల్లటి చెమట, గుండె దడ, చూపు మసకబారడం, మాట తడబడటం, ఉన్నట్టుండి కోపం రావడం, ఇవన్నీ దాని గుర్తులే. మెలకువగా ఉంటే వెంటనే మూడు నాలుగు చెంచాల గ్లూకోజో చక్కెరో నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంట ఆగి మళ్లీ చూడాలి. తగ్గకపోతే ఇంకోసారి ఇవ్వాలి. తేరుకున్నాక రొట్టో అన్నమో పెట్టాలి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే. ఉపవాసం ఉండాలనుకుంటే మాత్ర సంగతి ముందే డాక్టరును అడగాలి. సొంతంగా మానేయడమూ మంచిది కాదు.

గ్లూకోజు తాగాక ఇరవై నిమిషాలకు పెద్దక్క ముఖంలోకి రక్తం వచ్చింది. మిషనులో 96. సగం కడక్ రొట్టె, రెండు బెల్లం ఉండలు తినిపించాం. తినేటప్పుడు కళ్లనీళ్లు పెట్టుకుంది, మొక్కు చెడిందని. మేం కూర్చున్న బండ పక్కనే ఒక చెంచు ఆవిడ తునికి పండ్లూ తేనే పెట్టుకుని అమ్ముతోంది. అంతా చూస్తోందేమో, ఒక పండు తెచ్చి పెద్దక్క చేతిలో పెట్టి, "మా లింగమయ్యకు తిన్నోళ్లూ ఒకటే, తిననోళ్లూ ఒకటే" అంది. డబ్బులిస్తే తీసుకోలేదు.

చెంచులంటే నాకు తెలిసింది ఏఎన్నార్, అంజలీదేవి వేసిన 1958 నాటి 'చెంచులక్ష్మి' సినిమా వరకే. టీచరమ్మ ఇంకో సంగతి చెప్పింది. 1940లో ఆస్ట్రియా దేశపు పండితుడు హైమెండార్ఫ్ భార్యతో కలిసి వచ్చి, ఈ అడవిలోనే చెంచుల మధ్య ఉండి, వాళ్ల జీవితం గురించి 1943లో ఇంగ్లీషు పుస్తకం అచ్చు వేయించాడట. అప్పటికి వాళ్లు ఎక్కువగా గడ్డలూ పండ్లూ తేనే ఏరుకుని, వేటాడి బతికేవాళ్లు. ఎక్కడి ఆస్ట్రియా, ఎక్కడి నల్లమల! పరాయి దేశం నుంచి వచ్చినవాళ్లు ఉండి చూసి రాశారు, ఇంత దగ్గర్లో ఉండి మనం తేనె బేరం దగ్గర తప్ప వాళ్లతో మాట్లాడం.

సరే, ఇప్పుడేం చేయాలి? పెద్దక్క లేచి నిలబడి "నేను మంచిగున్న, నడువుండ్రి" అంది. పూలక్కకూ నాకూ ఆవిణ్ని ఎలాగైనా తీసుకెళ్లాలనే ఉంది. అంత దూరం, అన్నేళ్లు ఎదురుచూసింది కదా! ఇద్దరం చెరో చేయి పట్టుకుందామన్నాం. ఆశా అక్క ఒప్పుకోలేదు. "ఒక్కసారి పడ్డ షుగరు, ఆ మాత్ర ఒంట్ల ఉన్నంతసేపు మళ్ల పడతది. ఈడ కూసోనీకి బండ ఉన్నది. లోపలికి పోతే అంచుల మీద నడక, అక్కడ పడితే ఏం జేస్తం?" అంది. 2023 జాతరలో తొక్కిడికి ఊపిరాడక ప్రాణాలు పోయిన వార్త మాకందరికీ గుర్తుంది. అయినా మాట మాట పెరిగింది. స్నేహితులం కదా, గట్టిగానే అనుకున్నాం. చివరికి పెద్దక్కే బండ మీద కూర్చుండిపోయి, కొంగు ముడి విప్పి కొబ్బరికాయా కర్పూరమూ నా చేతికిచ్చింది. "మీరు పోయి రాండ్రి. గుండం నీళ్లు తేండ్రి" అంది. ఆశా అక్క ఆవిడ పక్కన ఉండిపోయింది. ముగ్గురం ముందుకు నడిచాం.

అక్కణ్నుంచి దారి ఇంకా ఇరుకు. ఒకపక్క కొండ గోడలా నిలబడి ఉంటుంది, ఇంకోపక్క లోయ. కొన్నిచోట్ల వంగి వెళ్లాలి, కొన్నిచోట్ల కూర్చుని జారాలి. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, ఎవరు చూస్తారన్న ఆలోచన కూడా లేకుండా జారాను. పంజాబీ డ్రెస్సు వేసుకున్న టీచరమ్మ నయం. కింద కొండల మధ్య ఆకాశం సన్నటి పట్టీలాగా మిగిలింది. ఎండ కనపడకుండా పోయింది. గాలి చల్లబడింది. అప్పుడు వినిపించింది నీళ్ల చప్పుడు.

పెద్ద జలపాతమేమీ కాదు. ఎండాకాలం కదా, అంతెత్తు నుంచి పడుతూ పడుతూ తుంపరగా విడిపోతోంది. కానీ పైన మోళ్లైన అడవిని రెండు గంటలు చూసి వచ్చిన కళ్లకు ఆ ధార, ఆ నాచు పట్టిన రాళ్లు, ఆ గుండం ఎలా ఉన్నాయో రాయడం నాకు చేతకాదు. నీళ్లు నెత్తిన పడగానే పళ్లు టకటకలాడాయి. గుహ దగ్గర వరుసలో చాలాసేపు నిలబడితే లింగమయ్య దగ్గర దొరికింది రెండు నిమిషాలు. పూజారి కొబ్బరికాయ కొట్టి, విభూది పెట్టి, "పేరు?" అన్నాడు. నా పేరు చెప్పలేదు. పెద్దక్క పేరు, ఆవిడ భర్త పేరు చెప్పాను. పూలక్క చేవెళ్ల చామంతుల దండ మొత్తం వేసేసింది.

స్టీలు సీసాలో గుండం నీళ్లు పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టేసరికి పన్నెండున్నర. వెళ్లేటప్పుడు కేకలు వేయడానికి ఉన్న ఊపిరి రావడానికి లేదు. ముప్పై అడుగులు వేయడం, ఆగడం, మళ్లీ ముప్పై. ఆయాసం తగ్గేదాకా ఆగితే కాళ్లు బిగుసుకుంటాయి, ఆగకుండా ఎక్కితే గుండె ఆగుతుందేమో అనిపిస్తుంది. మా వెనక ముసలమ్మ ఒకావిడ మాత్రం ఎక్కడా ఆగకుండా, తొందరపడకుండా, చీమలాగా ఎక్కిపోయింది. డెబ్బై ఏళ్లుంటాయి. ఆవిణ్ని చూసి మేమూ అడుగు చిన్నది చేశాం. పెద్ద రాయి మీదికి ఒకే అంగలో ఎక్కకుండా పక్కనున్న చిన్న రాళ్లు వెతుక్కున్నాం. దాంతో చాలా తేడా తెలిసింది.

బండ దగ్గరికొచ్చేసరికి పెద్దక్క, ఆశా అక్క, చెంచు ఆవిడ ముగ్గురూ ముచ్చట్లలో ఉన్నారు. చెంచు ఆవిడ కోడలికి ఏడో నెలట, ఆశా అక్క పరీక్షలెప్పుడు చేయించాలో చెబుతోంది. పెద్దక్కకు సీసా ఇస్తే నెత్తిన చల్లుకుంది, రెండు గుక్కలు తాగింది. "లోపలికి రాలేకపోతివి గదక్కా" అని పూలక్క కళ్లు తుడుచుకుంది. పెద్దక్క ఏడవలేదు. "ఆయన నడిచిన అడవి ఇది. పొద్దుటి సంది వచ్చేటోళ్లు పోయేటోళ్లు అరుస్తనే ఉన్నరు. అండ్ల ఆయన గొంతు ఎట్లుండెనో అనుకుంట కూసున్న" అంది.

మిగిలిన ఎక్కుడు అందరం ఆవిడ అడుగుకు మా అడుగు కలిపి ఎక్కాం. మధ్యలో మళ్లీ ఒకసారి మిషను పెట్టి చూశాం, 110. కల్వకుర్తి వైపు కుర్రాళ్లిద్దరు అడగకుండానే మా సంచులన్నీ భుజాన వేసుకుని పైదాకా తెచ్చిపెట్టారు. వాళ్లకు బెల్లం ఉండలిచ్చాం. పొద్దు గూకేలోగా అడవి దాటాలని డ్రైవరు తొందరపెడుతుంటే బండెక్కాం. దారిలో ఉమామహేశ్వరం చూడాలనుకున్నాం గానీ ఎవరికీ కాలు కదిలే ఓపిక లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, సలేశ్వరం నడవలేనివాళ్లకు ఆ గుడి చాలా అనువైనది. అచ్చంపేట దగ్గర రంగాపూర్ కొండ మీద ఉంది, శ్రీశైలానికి ఉత్తర ద్వారమంటారు, ఏడాది పొడవునా వెళ్లొచ్చు.

సలేశ్వరం వెళ్లాలనుకునేవాళ్లు ముందు జాతర తేదీలు కనుక్కోండి, ఏటా మారతాయి. అచ్చంపేట నుంచి జాతర రోజుల్లో ఆర్టీసీ ప్రత్యేక బస్సులు కూడా ఉంటాయి. పౌర్ణమి నాడు మాత్రం వద్దు, చాలా రద్దీ. గుండె జబ్బున్నవాళ్లు, గర్భిణులు, చంటిపిల్లల తల్లులు దయచేసి ఈ నడక పెట్టుకోకండి, ఎంతమంది తెస్తున్నా సరే. హవాయి చెప్పులతో దిగొద్దు, వెనక పట్టీ ఉన్న చెప్పులో బూట్లో వేసుకోండి. సెల్‌ఫోన్లు లోయలో పలకవు కాబట్టి తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి. తాగడానికి మనిషికి రెండు లీటర్ల నీళ్లు మోసుకోవాలి. దాతలు దారిలో నీళ్లూ అన్నం పెడతారు గానీ ఆ భరోసాతో వెళ్లకూడదు.

ఇంటికొచ్చేసరికి రాత్రి పదకొండు. మూడు రోజులు మెట్లు దిగాలంటే గోడ పట్టుకున్నాను. చీరకు పట్టిన ఎర్ర మట్టి మాత్రం నిమ్మ ఉప్పు వేసి నానబెట్టినా అంచుల్లో ఇంకా ఉంది. మిగిలిన ఆరు కడక్ రొట్టెలను మా అత్తమ్మ విరిచి, పలుచటి మజ్జిగలో నానబెట్టి, ఉల్లిగడ్డా పచ్చిమిర్చీ వేసి తాలింపు పెట్టింది. పెద్దక్కకు ఒక గిన్నె పంపితే తిని, మిషను పెట్టి చూసుకుని, అంకె ఎంతో ఫోన్ చేసి ఆశా అక్కకు చెప్పిందట.